ఇది కుంకుడు పని కాదు

నా కుడికంటి పైరెప్ప కింద చిన్న నీటిబుగ్గ ఒకటుంది. నాకు ముప్పై దాటాయి గానీ దాన్ని ఒక్కసారి కూడా నేను నేరుగా చూసుకోలేదు. చూసుకోలేను కూడా. అది బయటపడాలంటే నేను కిందికి చూడాలి, రెప్పను పైకెత్తాలి. అద్దం ముందు నిలబడి ఆ పని చేస్తే, చూడాల్సిన కన్నే నేలను చూస్తూ ఉంటుంది. రెండో కంటితో చూసుకోవచ్చు కదా అంటారు. నా ఎడమకంటికి వెలుగూ చీకటీ తెలుస్తాయి, మొహం ముందు చెయ్యి ఆడిస్తే ఏదో కదిలినట్టు తెలుస్తుంది. అంతే. ఫోన్‌తో ఫొటో తీసుకోవచ్చు కదా అని మరికొందరు సలహా ఇస్తారు. ఆ తెలివి నాకూ ఉంది. అది నన్ను ఎక్కడిదాకా తీసుకెళ్ళిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

పుట్టినప్పుడు నా కళ్ళు ఇంతింత ఉండేవట. చూసినవాళ్ళందరూ మురిసిపోయారట. అమ్మ కాటుక దిద్ది, బుగ్గన చుక్క పెట్టి, సాయంత్రమైతే దిష్టి తీసేదట. వెలుతురులోకి తెస్తే నేను కళ్ళు గట్టిగా మూసుకుని ఏడ్చేదాన్నట, కళ్ళవెంట ఊరికే నీళ్ళు కారేవట. హైదరాబాద్‌లో కళ్ళ డాక్టరు చూశాక గానీ అసలు సంగతి తేలలేదు. కంట్లో ఊరే నీరు బయటికి పోయే దారి సరిగ్గా లేదు. లోపల ఒత్తిడి పెరుగుతోంది, నరం చచ్చిపోతోంది. పసిపిల్లల కన్ను మెత్తగా ఉంటుంది కాబట్టి ఆ ఒత్తిడికి సాగి పెద్దదవుతుంది. గ్లకోమా ముసలివాళ్ళకే వస్తుందనుకునే రోజుల్లో మా ఇంట్లో దాన్ని ముద్దు చేశారు. నెలల పిల్లగా ఉన్నప్పుడే రెండు కళ్ళకూ ఆపరేషన్ చేశారు. ఎడమకంటికి అప్పటికే ఆలస్యమైపోయింది.

నాన్న ఉద్యోగం కోసం ఇంగ్లండ్‌లోని లీసెస్టర్ వచ్చిన కొత్తలో, నాకు ఏడేళ్ళప్పుడు, కుడికంట్లో ఒత్తిడి మళ్ళీ ఎక్కింది. అప్పుడు ఇక్కడి ఆసుపత్రిలో రెండోసారి కోశారు. కంటి తెల్లగుడ్డులో సన్నని దారి ఒకటి తెరిచారు. లోపలి నీరు ఆ దారిన వచ్చి, రెప్ప చాటున ఉన్న పల్చటి పొర కింద చేరి, అక్కణ్ణుంచి మెల్లగా ఇంకిపోతుంది. ఆ చేరే చోటే నా నీటిబుగ్గ. ఇంటికి పంపే రోజున సర్జన్ అమ్మను కూర్చోబెట్టి ఒకే మాట చెప్పిందట. ఆ పొర చాలా పల్చన, ఎన్నేళ్ళు గడిచినా అందులో చీము పట్టవచ్చు, కన్ను ఎర్రబడినా నొప్పి పుట్టినా అదే రోజు తీసుకురండి, మర్నాటిదాకా ఆగకండి.

"ఆపరేషన్ ఎప్పుడో అయిపోయింది కదా, ఇంకా ఆసుపత్రికి ఎందుకు?" అని ఇప్పటికీ అడుగుతారు. ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండిపోతుంది. పన్ను పీకించుకుంటే అయిపోతుంది. ఇది అయిపోయేది కాదు. చిన్నప్పుడు తెరిచిన ఆ దారి రోజూ పనిచేస్తూనే ఉండాలి, అది మూసుకుపోతే కథ మళ్ళీ మొదటికొస్తుంది. ఆరు నెలలకోసారి ఒత్తిడి చూపించుకోవాలి. నేను స్విమ్మింగ్‌కు వెళ్ళాలంటే గాగుల్స్ ఉండాలి, హోలీ నాడు కిటికీ లోపలే ఉండాలి. ఇదంతా నాకు కష్టమనిపించదు. అయిపోయింది కదా అన్నప్పుడే కష్టమనిపిస్తుంది.

బడికి పోయే ముందు అమ్మ నన్ను వంటింటి కిటికీ దగ్గర నిలబెట్టేది. "కిందికి చూడు," అనేది. నేను నా నల్ల బూట్లు చూసేదాన్ని. అమ్మ బొటనవేలితో రెప్ప ఎత్తి, ఊపిరి బిగబట్టి చూసి, "నీళ్ళ తీరుగ ఉన్నది, పో," అనేది. అది మా ఇంట్లో దీపం పెట్టడం లాంటిది, ఒక్కరోజు తప్పేది కాదు. కాలేజీకి పోయినా, ఉద్యోగంలో చేరినా, పెళ్ళి చేసుకుని మాంచెస్టర్ వచ్చే రోజు పొద్దున కూడా అమ్మ చూసే పంపింది.

పెళ్ళయ్యాక మా ఆయన చూస్తానన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఇంట్లో నేను భార్యను, పేషెంటును కాదు, ఆ లెక్క ఆసుపత్రిలో చూసుకుంటారు అన్నాను. కొంచెం పొగరు, కొంచెం సిగ్గు. ఫోన్ మొహానికి దగ్గరగా పెట్టి, కిందికి చూస్తూ, రెప్ప ఎత్తి, ఫ్లాష్ వేసి ఫొటో తీసుకునేదాన్ని. తర్వాత దాన్ని పెద్దది చేసి చూసి, బాగానే ఉంది అనుకునేదాన్ని. ఇక్కడి మున్సిపాలిటీ లాంటి కౌన్సిల్ ఆఫీసులో, ఇళ్ళ రిపేర్ల ఫోన్లు తీసుకునే ఉద్యోగం నాది. రోజంతా జనం తిట్లు తినేదాన్ని, నా కన్ను నేను చూసుకోలేనా అనిపించేది.

నిరుడు దీపావళికి అత్తమ్మ కరీంనగర్ నుంచి మొదటిసారి మా దగ్గరికి వచ్చింది. ఆమె బడిలో హెడ్‌మేడంగా రిటైరైంది. రిటైరైంది బడి నుంచే, హెడ్‌మేడం పని నుంచి కాదు. సూట్‌కేస్ తెరిస్తే సగం చీరలు, సగం కుంకుడుకాయలు.

"ఇక్కడ షాంపూ దొరుకుతది అత్తమ్మా," అన్నాను.

"పండుగ పూట షాంపూ ఏందే? దోస్తుల పెండ్లికి పోతున్నమా?" అంది.

చతుర్దశి శనివారం పడింది. పొద్దున్నే లేచి, వెనకింటివాళ్ళు కిటికీలోంచి తొంగి చూస్తుండగా, పెరట్లో రాతిమీద చపాతీ కర్రతో కుంకుడుకాయలు కొట్టింది. వేడినీళ్ళలో నానేసి పిసికితే ఇల్లంతా ఆ వాసన. చిన్నప్పుడు నాకు ఈ తలంటు లేదు. అందరూ కళ్ళు మండి గోల చేస్తుంటే నేను గడపలో కూర్చుని చూసేదాన్ని. అందుకేనేమో, ఈసారి కాదనబుద్ధి కాలేదు. కంట్లో పడకూడదని మాత్రం గట్టిగా చెప్పాను.

"నలభై ఏండ్ల సంది పోస్తున్న తలంట్లు. ఒక్కళ్ళ కన్నన్న పోయిందా?" అంది. అని వెంటనే నాలుక కరుచుకుంది.

బాత్‌టబ్‌లో పీట వేసుకుని, తల వెనక్కి వంచి కూర్చున్నాను. చాలా జాగ్రత్తగా పోసింది పాపం. చివర్లో నేనే నవ్వి తల కదిల్చాను. నుదుటిమీంచి ఒక చుక్క జారి కుడికంట్లో పడింది. మంటంటే మంట! నీళ్ళతో కడిగాం, మందుల పెట్టెలోని సెలైన్‌తో కడిగాం. కన్ను చింతనిప్పులా అయింది. ఎర్రటి కంటితోనే హారతికి కూర్చున్నాను. అందరం నవ్వుకున్నాం.

ఆదివారానికి ఎరుపు తగ్గాలి. తగ్గలేదు. వెలుతురు చూస్తే గుచ్చుతోంది. ఫొటో తీసుకుంటే అంతా గులాబీ రంగు, ఫ్లాష్ పడ్డచోట తెల్లటి మెరుపు. కుంకుడు మంట ఇంకా పోలేదనుకున్నాం. అమ్మ వీడియో కాల్‌లో నన్ను చూడగానే అడిగింది.

"కన్ను ఏమైందే?"

"కుంకుడు రసం పడ్డదమ్మా."

"మీ అత్తకు చెప్పలేదా నువ్వు? చదువుకున్నామె కదా, ఆ మాత్రం తెల్వదా?"

అంతే. ఇన్నేళ్ళు ఎర్రబడితే ఆగొద్దని నా చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పిన మనిషి కూడా, కారణం దొరికేసరికి కోపంలో పడిపోయింది. పక్క గదిలో అత్తమ్మకు అన్నీ వినబడ్డాయి. ఆ పూట ఆమె అన్నం సగమే తిన్నది. మా ఆయన "ఏం కాదు లే అమ్మా, రెండ్రోజుల్ల పోతది" అని ఆమెను ఓదార్చాడు. నా కన్ను సంగతి పక్కకు పోయి, తప్పెవరిది, ఎవరి మనసు నొచ్చింది అన్నదే ఇంట్లో పెద్ద పనైపోయింది.

సోమవారం పొద్దున ఎనిమిది గంటలకు జీపీ సర్జరీకి, అంటే మా పేట డాక్టరు క్లినిక్‌కు, ఫోన్ చేస్తే లైన్లో నా ముందు బోలెడంత మంది. చివరికి రిసెప్షనిస్ట్ పలికింది. కన్ను ఎర్రగా ఉంది అన్నాను. ఏమైనా పడిందా అంది. ఒక రకం సబ్బు అన్నాను. అవతల కీబోర్డు టకటకలాడింది. ఆ చప్పుడు నాకు తెలుసు. ఎవరైనా ఫోన్ చేసి గోడకు తేమ అన్నారంటే నేనూ స్క్రీను మీద తేమ అన్న గడిలో పడేసి, ఆ తర్వాత వాళ్ళు పైకప్పు కూలిందన్నా సగమే వింటాను. ఫార్మసీకి వెళ్ళి చుక్కలు అడగండి అంది. చిన్నప్పుడు ఆపరేషన్ అయింది అని నేను అంటుండగానే, చిన్నప్పుడు కదా అని ఆమె పెట్టేసింది. ఫార్మసీలోనూ అదే. సబ్బు అన్నాను, చల్లదనం చుక్కలు ఇచ్చారు.

మంగళవారం లేచేసరికి రెప్ప అంటుకుపోయి ఉంది. కంటి వెనకాల లాగుతున్నట్టు నొప్పి. వంటింట్లో మైక్రోవేవ్ మీది అంకెలు పొగలోంచి చూసినట్టున్నాయి. ఉన్నది ఒక్క కన్ను. అయినా ఎవరితోనూ అనకుండా చాయ్ పెడుతున్నాను. అనగానే అత్తమ్మ మొహం ఎలా అవుతుందో తెలుసు.

ఆమే వచ్చింది. చేతులు కడుక్కుని, కొంగుకు కాకుండా టిష్యూకు తుడుచుకుని, నా ముందు నిలబడింది.

"చూపియ్యి," అంది.

"ఏం చూస్తరు అత్తమ్మా, కుంకుడే కదా."

"అదే చూస్త. నా కుంకుడు చేసిన పనైతే నాకు తెలుస్తది."

వద్దన్నాను. బడిపిల్లను చూసినట్టు చూసింది. కిటికీ దగ్గరికి నడిచాను. కిందికి చూడమన్నది. అమ్మ కాక, డాక్టర్లు కాక, నా రెప్ప ఎత్తిన మొదటి చెయ్యి ఆమెదే. ఇటునుంచీ అటునుంచీ వంగి చూసింది.

"ఇది కుంకుడు పని కాదు," అంది.

మా ఆయన చాయ్ కప్పు పట్టుకుని, "అమ్మా, నిన్ను ఎవ్వరు ఏమంటలేరు కదా, ఇగ ఇడిసిపెట్టు," అన్నాడు.

"నన్ను అంటున్నరని చెప్తలేనురా నేను! కుంకుడు పడితే కన్నంత ఒక్క తీరుగ ఎర్రగైతది, రెండో దినానికి తగ్గుతది. ఎంతమంది పిల్లలను చూడలే నేను? ఇది చుట్టు ఎర్రగున్నది, నడుమ పాల చుక్క పెట్టినట్టు తెల్లగున్నది. పైన, రెప్ప కింద. తెల్లగ ఉంటదా అది ఎప్పుడు?"

ఉండదు. నీళ్ళలా ఉంటుంది. అమ్మ రోజూ చెప్పే మాట అదే. పాలరంగు అంటే చీము. ఫోన్ తెరిచి మూడు రోజుల ఫొటోలు చూశాను. ప్రతిదానిలోనూ సరిగ్గా ఆ చోటే తెల్లటి మెరుపు. ఫ్లాష్ అనుకుని నేను దాటేసింది ఎప్పటినుంచి తెలుపో ఇప్పుడెవరు చెప్పగలరు? నా తెలివి తెల్లారినట్టే ఉంది.

"ముందు జీపీకి ఫోన్ చేద్దాం," అన్నాడు మా ఆయన.

"జీపీ లేదు, గీపీ లేదు. కారు తియ్యి," అన్నాను.

కంటి ఆసుపత్రి గేటు దగ్గర మమ్మల్నిద్దర్నీ దింపి అతను పార్కింగ్ వెతుక్కోవడానికి పోయాడు. మాంచెస్టర్‌లో అది ఎంత పనో తెలిసినవాళ్ళకు తెలుసు. పట్టుచీర మీద నా పాత కోటు, చెవులకు మఫ్లర్, కాళ్ళకు మా ఆయన సాక్సులు, అలా అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది. ఎవరు ఎవర్ని నడిపిస్తున్నామో తెలియలేదు. కాసేపటికి నర్సు పిలిచింది. ఎప్పటినుంచి, అంది. శనివారం నుంచి. ఏమైనా పడిందా? అబద్ధం చెప్పలేను కదా, సబ్బులాంటిది పడింది అన్నాను. మళ్ళీ ఆ టకటకలు.

అత్తమ్మకు ఆ ఒక్క మాట అర్థమైంది. లేచి నిలబడింది. "సిస్టర్! నాట్ సోప్. సోప్ ఐ గేవ్. ఐ నో మై సోప్. ప్లీజ్ లిఫ్ట్ అండ్ సీ. అప్పర్ సైడ్. వైట్," అంది, బడి అసెంబ్లీలో వెనక వరుసదాకా వినబడే గొంతుతో. హాలంతా మావైపు తిరిగింది.

నర్సు ఆమెను కూర్చోమనబోయింది. నేనూ లేచాను. "కొంచెం టైపింగ్ ఆపండి," అన్నాను. "ఏడేళ్ళప్పుడు ఈ కంటికి గ్లకోమా ఆపరేషన్ అయింది. నీరు పోయే బుగ్గ రెప్ప కింద ఉంది. అది తెల్లబడింది. నాకున్నది ఈ ఒక్క కన్నే. మీరు రెప్ప ఎత్తి చూసేదాకా నేను కూర్చోను." ఆమె చేతులకు గ్లవ్స్ వేసుకుని రెప్ప ఎత్తింది. ఒక్క క్షణం చూసింది. లోపలికి వెళ్ళి డాక్టర్ని వెంటబెట్టుకొచ్చింది.

డాక్టరు కన్ను చూసే దీపపు యంత్రం మీద గడ్డం ఆనించమని చాలాసేపు చూశాడు. నాకు భయమేసింది. ఇలాంటి భయం నేను ఆపరేషన్ నాడు కూడా పడలేదు, అప్పుడు అమ్మ చెయ్యి ఉంది, నాకు ఏడేళ్ళే. ఇప్పుడు పోయేది ఏమిటో నాకు పూర్తిగా తెలుసు. బస్సు మీది నంబరు, ఆఫీసు స్క్రీను, మా ఆయన నవ్వేముందు ఎగరేసే కనుబొమ్మ. చివరికి ఆయన తల వెనక్కి తీశాడు. నీటిబుగ్గలో చీము పట్టింది, అది కన్ను లోపలికి ఇంకా దిగలేదు అన్నాడు. దిగి ఉంటే మనం ఇంకోరకంగా మాట్లాడుకునేవాళ్ళం, ఈరోజే రావడం మంచిదైంది అన్నాడు. గంటగంటకూ వెయ్యాల్సిన చుక్కలు రాసి, మర్నాడు మళ్ళీ రమ్మన్నాడు.

కుంకుడు వల్లనేనా అని అడిగాను. కావచ్చు, కాకపోవచ్చు, మీ పొర ఏళ్ళు గడిచేకొద్దీ ఇంకా పల్చబడింది, ఏమీ పడకపోయినా ఏ మామూలు రోజైనా ఇది రావచ్చు అన్నాడు.

"ఏమంటున్నడు?" అంది అత్తమ్మ.

"మీ కుంకుడు కావచ్చట, కాకపోవచ్చట."

"కాకపోవచ్చు అన్నడు కదా? ఆ ముక్క మీ అమ్మకు ఫోన్ చేసి చెప్పుమను," అంది. భయంలోనూ నాకు నవ్వాగలేదు.

ఆ తర్వాత రోజులన్నీ అత్తమ్మ బడి నడిపింది. గంట కొట్టడమొక్కటే తక్కువ. చేతులు కడుక్కోవడం, చుక్క వెయ్యడం, కన్ను మూసుకోమనడం, "కదలకు!" అని కసరడం. మొదటి రెండు రోజులు పొగ తగ్గలేదు. అప్పుడు నేను చిరాకుపడి ఆమెను నానా మాటలూ అన్నాను. ఆమె "అయిందా? ఇటు తిరుగు," అనేది. నాలుగో రోజుకు మైక్రోవేవ్ అంకెలు కనిపించాయి. అమ్మకు చెబితే ఫోన్లో ఏడ్చింది, తర్వాత అత్తమ్మను పిలిచి ఇద్దరూ గంటసేపు కుంకుడుకాయల ధర నుంచి మొదలుపెట్టి అన్నీ మాట్లాడుకున్నారు.

కొన్ని వారాల తర్వాత క్లినిక్‌లో అక్షరాల బోర్డు మీద ఎప్పుడూ చదివే వరుసదాకా చదివాను. ఒత్తిడి మామూలుగానే ఉంది. ఏడేళ్ళ పిల్లకు తెరిచిన దారి ఇంతకాలమైనా నీటిని మోస్తూనే ఉంది. ఇంకెన్నాళ్ళు మోస్తుంది అని అడిగాను. డాక్టరు నిజాయితీగా తెలియదన్నాడు. ఒకనాడు దాన్ని కుట్టి బలపరచాల్సి రావచ్చు, మళ్ళీ చుక్కలు వాడాల్సి రావచ్చు, ఇంకో ఆపరేషన్ కావచ్చు. రానీ. వస్తే చేయించుకుంటాను. మధ్యలో వదిలిపెట్టడానికా ఇంతదూరం తెచ్చుకున్నది? "రోజూ ఎవరు చూస్తారు?" అని ఆయన అడిగాడు.

ఆ ప్రశ్నకు జవాబు అత్తమ్మే చెప్పింది. ఊరికి పోయే రోజు పొద్దున, సూట్‌కేసులు తలుపు దగ్గర పెట్టి, కొడుకును వంటింటి కిటికీ దగ్గరికి పిలిచింది. "చేతులు కడుక్కున్నవా? ఇటు రా. రేపటి సంది నువ్వే." అతను నావైపు చూశాడు. ఇన్నేళ్ళు వద్దన్నదాన్ని నేను. కిందికి చూశాను. నా చెప్పులు, అతని ఉత్త పాదాలు, పక్కన సాక్సుల్లో అత్తమ్మ కాళ్ళు కనిపించాయి. అతని వేలు రెప్పకు తగిలింది. చల్లగా ఉంది.

"ఇదేనా? ఇంత చిన్నదా?" అన్నాడు. "ఇంత దానికా నువ్వు ఇన్నేండ్లు నన్ను దగ్గరికి రానియ్యలే?"

"ముచ్చట్లు తర్వాత," అంది అత్తమ్మ. "ఎట్లున్నదో చెప్పు."

"నీళ్ళ తీరుగ ఉన్నది."

"ఇంకోసారి చూడు."

అతను ఇంకోసారి చూశాడు. నేను కదలకుండా నిలబడ్డాను.